బతికున్నవాడి పేరు

టెర్నోయ దీవిలో అందరికంటే పొడుగైన ఆడమనిషిని అందరూ "చిన్నది" అని పిలిచేవారు. తల వంచితే గానీ ఆవిడ గుమ్మం దాటలేదు. ఉప్పుచేపల పీపాను ఒంటిచేత్తో దొర్లించుకుంటూ రేవు నుంచి గిడ్డంగి దాకా తీసుకుపోయేది. నలభై దాటినా, జుట్టు నెరిసినా చిన్నదే. కొత్తగా వచ్చిన పాస్టరు ఒకసారి చిన్నది ఇల్లు ఎక్కడని కనుక్కుంటూ వచ్చి, తలుపు తీసిన మనిషిని కిందినుంచి పైదాకా చూసి, మీ అమ్మాయిని కాస్త పిలుస్తారా అన్నాడట. ఈ ముచ్చట దీవిలో చాలా ఏళ్లు తిరిగింది. అందరికంటే ఎక్కువసార్లు చెప్పుకుని నవ్వింది ఆవిడే.

ఆవిడకు వేరే పేరు లేక కాదు. చర్చి పుస్తకంలో చక్కగా రాసి ఉంది, సీవర్టీన అని. ఆ పేరును నోట్లోంచి బయటికి తీయడానికే దీవిలో ఎవరికీ మనసొప్పేది కాదు. ఎందుకంటే ఆ పేరుకు అసలు యజమాని, ఆవిడ మేనమామ సీవర్ట్, జలసంధికి అవతల గట్టున బతికే ఉన్నాడు.

ఆ తీరంలో పేర్లను ఎవరూ ఇష్టం వచ్చినట్టు ఏరుకోరు. పోయినవాళ్లే వచ్చి అడిగి పెట్టించుకుంటారు. కడుపుతో ఉన్న మనిషికి కలలో పోయినవాడు కనిపించాడంటే, పుట్టబోయే బిడ్డకు తన పేరు పెట్టమని అడగడానికి వచ్చాడన్నమాటే. కాదనడానికి లేదు. వచ్చింది మగవాడై, పుట్టింది ఆడపిల్లయినా తప్పదు, ఆ పేరుకే చివర ఒక తోక తగిలిస్తారు. హాన్స్ పోతే హాన్సీన, లార్స్ పోతే లార్సీన, ఎడ్వర్డ్ పోతే ఎడ్వర్డీన. సముద్రం మీదికి మగవాళ్లు పోయేవారు, చాలాసార్లు వెనక్కి వాళ్ల పేర్లు మాత్రమే వచ్చేవి. అందుకని దీవిలో సగంమంది ఆడవాళ్లు మునిగిపోయిన ఎవరో ఒకరి పేరుకు పావడా తొడిగి తిరుగుతున్నట్టుండేది. అది బరువని ఎవరూ అనుకోలేదు. పోయినవాడికి పొయ్యి పక్కన కాస్త చోటు దొరికిందనే అనుకునేవారు.

1910లో, లోఫోటెన్‌లో చలికాలపు చేపల వేట ముగించుకుని ఇంటికి వస్తున్న పడవ ఒకటి తుఫానులో తిరగబడింది. పడవ అడుగు పైకి తేలుతూ ఒడ్డుకు కొట్టుకొచ్చింది గానీ మనుషులెవరూ రాలేదు. అందులో చిన్నదాని తల్లి ఒలావా తమ్ముడు సీవర్ట్ ఉన్నాడు. అప్పటికి ఒలావా కడుపుతో ఉంది. వేసవి దాటుతుండగా ఆమెకు కల వచ్చింది. తోలు బట్టలు వేసుకున్న మనిషి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. వీపు ఇటు తిప్పి ఉన్నాడు. మొహం చూపించలేదు, మాట్లాడలేదు. బూట్లలోంచి నీళ్లు మాత్రం కారుతున్నాయి. పొద్దున్నే ఒలావా తల్లితో చెబితే, ఆ ముసలామె యానె ఇంకో ప్రశ్న వేయకుండా కళ్లు తుడుచుకుని, పిల్లాడు వచ్చాడు, అడిగాడు, ఇచ్చేద్దాం అంది. పుట్టింది ఆడపిల్ల. సీవర్టీన అని బాప్తిస్మం ఇప్పించారు.

పిల్ల బల్లల కింద దోగాడి, లేచి నిలబడి, నాలుగడుగులు వేయడం నేర్చుకున్నాక, ఒక వేసవి మధ్యాహ్నం సీవర్ట్ నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు.

రష్యా వైపు పోయే సరుకు ఓడ ఒకటి అతన్ని నీళ్లలోంచి లాగిందట. చలికి ఎడమకాలి వేళ్లు పోయాయి. జ్వరాలతో, పుండ్లతో అక్కడెక్కడో ఉత్తరపు తీరంలో ఒక ముసలిదాని ఇంట్లో పడి ఉన్నాడు. అతనికి రాయడం రాదు. ఇటు వచ్చే ఒక ఓడ నాయకుడితో కబురు చెప్పి పంపాడు గానీ అది దారిలో ఎక్కడో రాలిపోయింది.

ఇంట్లోవాళ్లు అతన్ని చూసి గోడకు అతుక్కుపోయారు. సముద్రంలో పోయినవాళ్లు దయ్యాలై, సగానికి విరిగిన పడవలో తెడ్లు వేసుకుంటూ తిరుగుతారని ఆ తీరంలో పసిపిల్లలకు కూడా తెలుసు. యానె ముసలమ్మ ఒక్కతే ధైర్యం చేసి, తలుపు చాటునుంచే, తిని చూపించరా, దయ్యాలు తినవు అంది. చేప, ఉడికించిన బంగాళాదుంపలు పెట్టారు. సీవర్ట్ పళ్లెం ఖాళీ చేసి తల్లి వైపు తోశాడు.

"ఇంకోసారి పెట్టమ్మా. నేను మనిషినని ఈ ఒక్క పళ్లేనికి నాకే నమ్మకం కుదరలేదు" అన్నాడు.

అప్పుడు అందరూ ఒక్కసారిగా ఏడ్చారు. ఆ గొడవలో పిల్ల బల్ల కిందినుంచి వచ్చి అతని బూటు పట్టుకుంది. అతను వంగి దాన్ని ఎత్తుకుని, ఎవర్తివే నువ్వు, నీ పేరేంటే అని అడిగాడు. చివరికి ఒలావా పేరు చెప్పింది.

సీవర్ట్ కాసేపు పిల్ల మొహంలోకి చూశాడు.

"ఏం తొందరొచ్చిందే అక్కా? ఇంకో రెండేళ్లు ఆగలేకపోయావా?"

అతను నవ్వుతూనే అన్నాడు. మరెవరూ నవ్వలేదు. ఒక పేరు మీద ఇద్దరు బతకలేరని, ఎవరో ఒకరు వదులుకోవాల్సి వస్తుందని యానె నమ్మకం. ఆమె ఒక్కతే కాదు, ఆ కాలంలో ఆ తీరమంతా అలాగే నమ్మేది. ముసలి తాత పేరు, మామ్మ పేరు వాళ్లుండగానే బిడ్డకు పెట్టొచ్చు. వాళ్లు ఎలాగూ దిగిపోయే ఒడ్డు దగ్గర్లోనే ఉన్నారు. పెళ్లీడు కుర్రాడి పేరు తీసి బిడ్డకు పెట్టడమంటే, నిద్రపోతున్నవాడి ఒంటి మీద చొక్కా విప్పుకున్నట్టే.

ఒలావా మర్నాడే పడవేసుకుని పాస్టరు దగ్గరికి పోయింది. పేరు మార్చమని బతిమాలింది. పోసిన నీళ్లు నేను వెనక్కి తోడలేనమ్మా అని ఆయన పంపించేశాడు. అప్పటినుంచే పిల్ల చిన్నది అయింది.

అదే పడవలో పోయిన ఐలర్ట్ అనే అతని భార్య బెర్న్‌తెయా ఇంకో గొడవ తెచ్చింది. కలలో వచ్చింది సీవర్ట్ కాదు, ఎలా అవుతాడు, అతను బతికే ఉన్నాడుగా! వచ్చింది మా ఆయన అని వాకిట్లో నిలబడి అంది. బూట్లలోంచి నీళ్లు కారాయన్నారుగా, మా ఆయన కుడికాలి బూటు చిల్లు పడితే కుట్టించుకోమని నేను నెత్తీనోరూ మొత్తుకున్నాను, ఆయన అడిగిన చోటు మీరు తీసి ఇంకొకరికి ఇచ్చేశారు అని తలగుడ్డ అంచుతో ముక్కు తుడుచుకుంది. బెర్న్‌తెయా పోయేదాకా ఆ పిల్లను ఐలర్టీన అనే పిలిచింది. చిన్నదాన్ని నిండు పేరు పెట్టి పిలిచిన మనిషి దీవిలో ఆమె ఒక్కతే, అదీ వేరే పేరు.

వచ్చిన వారం తిరక్కుండానే సీవర్ట్ అక్క ఇంట్లోంచి వెళ్లిపోయాడు. జలసంధికి అవతల, గొర్రెలు మేసే చిన్న దీవిలో పాడుబడ్డ గుడిసె ఉంటే దాన్ని బాగుచేసుకుని ఉండిపోయాడు. ఎందుకు వెళ్లాడో చిన్నదానికి ఎవరూ చెప్పలేదు. అడిగేంత వయసు వచ్చేసరికి, చెప్పకపోవడమే ఇంట్లో అలవాటైపోయింది.

ఇంట్లో చెప్పనిది బడిలో చెప్పారు. ఒక శీతాకాలం మాస్టారు పేర్ల అర్థాలు చెబుతూ ఆమె దగ్గరికి వచ్చాడు. సీవర్ట్ అంటే పాతకాలపు సిగ్‌వర్డ్ అరిగిపోయి మిగిలిన ముక్క అన్నాడు. సిగ్ అంటే గెలుపు, వర్డ్ అంటే కాపలా కాసేవాడు. గెలుపుకు కాపలా ఉండేవాడు సీవర్ట్, చివర తోక ఆడపిల్లదని గుర్తు. చిన్నదానికి ఒళ్లంతా వెచ్చబడింది. తన పేరులో ఇంత ఉందని అప్పటిదాకా తెలియదు. అంతలోనే వెనక బల్లనుంచి ఒకడు, దీని మామ కుంటుతాడండీ, ఆయన గెలుపంతా ఇదే లాగేసుకుంది అన్నాడు. బడంతా నవ్వింది. మాస్టారు వాణ్ని గోడకు నిలబెట్టాడు గానీ, అన్న మాట అక్కడే ఉండిపోయింది.

ఆ మాట పట్టుకుని లెక్కలు వేసుకుంటే అన్నీ సరిపోయాయి. మామయ్య పడవకు ఎప్పుడూ ఏదో ఒక చోట నీరు ఊరుతుందని అంటారు. అందరి వలలూ నిండిన రోజు ఆయన వల చిరుగుతుందని అంటారు. ఆయనకు మాట్లాడుకున్న పిల్ల, పేరు ఇచ్చేసిన మనిషిని నేనేం చేసుకోను అని పెద్ద దీవిలో ఒక వడ్రంగిని చేసుకుంది. ఇదంతా తను పుట్టబట్టేనని చిన్నది తొమ్మిదో ఏటనో పదో ఏటనో తీర్మానించుకుంది. అప్పటినుంచి మామయ్యకు ఎదురుపడకపోవడమే ఆయనకు తను చేయగల మేలనుకుంది.

అయినా ఒక కోరిక మాత్రం ఉండేది. ఆ పేరుతో తనను ఎవరైనా పిలిస్తే ఆయనే పిలవాలి. పేరు ఆయనది. ఆయన పిలిచాడంటే ఇచ్చినట్టు. అప్పుడిక తాను లాక్కున్నదానిలా తిరగనక్కర్లేదు.

ఆ దీవుల్లో ఆడవాళ్ల పని ఈడర్ బాతులను కాయడం. వసంతంలో అవి సముద్రం మీదినుంచి గట్టెక్కి, మనుషులు కట్టిపెట్టిన చిన్న చిన్న గూళ్లలో గుడ్లు పెడతాయి. ఎండబెట్టిన నాచు మెత్తగా పరిచి పెట్టాలి. గద్దలను, నీటికుక్కలను తోలాలి. పొదిగినన్నాళ్లూ గట్టిగా మాట్లాడకూడదు, సుత్తి దెబ్బ వినిపించకూడదు, రోజూ వేసుకునే బట్ట మార్చకూడదు. అవి పిల్లలను తీసుకుని నీళ్లలోకి దిగిపోయాక గూళ్లలో మిగిలిన నూగును ఏరి, చెత్త దులిపి, దుప్పట్లలో నింపుతారు. చిన్నది ఈ పనిలో తల్లిని మించిపోయింది. ఆవిడ పక్కనుంచి నడిచిపోతే బాతు మెడ కూడా తిప్పేది కాదు. ఇంగ్‌వాల్డ్ అనే ఆవిడ భర్త దానికొక వేళాకోళం చెప్పేవాడు. మా ఆవిణ్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు, దాంతో అరుపంటే ఏంటో దానికీ తెలియదు, ఆ బాతులకీ తెలియదు అనేవాడు.

ఇంగ్‌వాల్డ్‌తో పెళ్లి కుదిరినప్పుడే ఆ పేరు ఒకసారి అందరి ముందూ వినపడింది. పెళ్లికి ముందు ఆదివారం చర్చిలో ఇద్దరి పేర్లూ చదవాలి కదా. పాస్టరు ఇంగ్‌వాల్డ్ పేరు చదివాడు. తరవాత సీవర్టీన అని చదివాడు. వెనక వరసలో బల్ల కిర్రుమంది. మామయ్య లేచి, కుంటుకుంటూ, అందరూ చూస్తుండగా బయటికి నడిచాడు. తలుపు మెల్లగానే వేశాడు గానీ అది చిన్నదాని చెవుల్లో చాలాకాలం మోగింది. అంత అసహ్యమా అనుకుంది. ఒలావా కూతురి చేతిమీద చెయ్యి వేసింది. చెప్పాల్సినది చెప్పకుండానే ఆమె కొన్నేళ్ల తరవాత పోయింది.

చిన్నదానికీ, మామయ్యకూ మధ్య ఉన్నది పెద్ద సముద్రమేమీ కాదు. అటు ఆయన కట్టెలు కొడితే ఇటు వినపడుతుంది. పొగగొట్టంలోంచి పొగ రాగానే, మామయ్య లేచాడు అని చిన్నదానికి తెలిసేది. ఆయన కొట్టుకు ఏ రోజు వస్తాడో తెలుసు, ఆ రోజు తను పోదు. ఎప్పుడైనా రేవులో ఆయన పడవ కనిపిస్తే అక్కడినుంచే వెనక్కి తిప్పి మధ్యాహ్నం మళ్లీ వచ్చేది. ఆయనా అంతే. అంత జాగ్రత్తగా తప్పించుకు తిరిగే ఇద్దరికి ఒకరి సంగతులు ఒకరికి తెలిసినంతగా, కలిసి కాపురం చేసేవాళ్లకు కూడా తెలియవు.

అలా ఎన్నో ఏళ్లు గడిచాయి. యుద్ధం వచ్చి పోయింది. పడవలకు ఇంజన్లు వచ్చాయి. ఒక వసంతంలో, బాతులు గుడ్లమీద కూర్చున్న రోజుల్లో, అవతలి గట్టున పొగ ఆలస్యంగా లేవడం మొదలైంది. కొట్టు నడిపే హాగ్‌బార్ట్ చక్కెర పొట్లం కడుతూ, మీ మామయ్య కాఫీ గింజలకు కూడా రాలేదు, కాఫీ లేకుండా ఉండే మనిషి కాదే అన్నాడు. చిన్నది ఇంటికి వచ్చి, బాతుల బాధ్యత ఇంగ్‌వాల్డ్‌కు అప్పగించి, పాలు, పల్చటి రొట్టెలు, కాఫీ గింజలు పడవలో పెట్టుకుంది. ఇంగ్‌వాల్డ్ ఆశ్చర్యంగా చూశాడు గానీ పడవను నీళ్లలోకి తోసిపెట్టాడు.

అవతలి గట్టు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇంత దగ్గరా అనిపించి ఆవిడకు తెడ్ల మీద చేతులు ఆగిపోయాయి.

సీవర్ట్ వంటింట్లోనే, పొయ్యి పక్కన మంచం మీద ఉన్నాడు. కాళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆవిడ గుమ్మం దగ్గర తల వంచి లోపలికి రావడం చూసి, తలుపు వేసెయ్, వేడి పోతోంది అన్నాడు, రోజూ వచ్చే మనిషితో అన్నట్టు. ఆవిడ పొయ్యి ఎగదోసింది, కాఫీ పెట్టింది, ఆయన కాళ్ల కింద మడిచిన దుప్పటి పెట్టింది. అప్పుడు తలుపు దగ్గరున్న ముక్కాలిపీట మీద కూర్చుంది.

"అంత దూరం కూర్చున్నావేం? పారిపోవడానికా?"

"నువ్వు పొమ్మంటే పోవడానికి మామయ్యా."

"నేనెప్పుడు పొమ్మన్నాను?"

"చర్చిలో లేచి వెళ్లిపోయావుగా."

ఆయన చక్కెర ముక్క పళ్ల మధ్య పెట్టుకుని, సాసరులో పోసుకున్న కాఫీ తాగాడు. తాగడానికి చాలాసేపు తీసుకున్నాడు. అదా, అని తరవాత అన్నాడు. నీ పెళ్లి మాట దగ్గర నేను కూర్చుని ఉండటం మంచిది కాదని లేచాను, నా మీద కోపం వచ్చిందేమో అనుకున్నాను గానీ నీకు ఇలా తగిలిందనుకోలేదు అన్నాడు. ఎందుకు మంచిది కాదని ఆవిడ అడిగింది. అప్పుడు ఆయన, ఇది నీకు తెలిసే ఉంటుందిగా అన్నట్టు, చెప్పాడు.

ఆయన తిరిగి వచ్చిన వారంలోనే పిల్లకు కోరింత దగ్గు పట్టుకుంది. ఊపిరి అందక మొహం నీలమైంది. ఒలావా పిల్లను భుజాన వేసుకుని తిరుగుతోంది. యానె తలెత్తి కొడుకు వైపు చూసింది. ఒక్క మాట అనలేదు. ఎన్నాళ్లో ఏడ్చి, ప్రార్థించి వెనక్కి తెచ్చుకున్న కొడుకును పొమ్మని ఏ తల్లి అంటుంది? చూసిందంతే. ఆయన టోపీ తీసుకుని పడవెక్కాడు.

"మర్నాడు మీ నాన్న ఇక్కడికొచ్చి చెప్పాడు, పిల్లకు తగ్గిపోయిందీ అని. నేను గడప దాటానో లేదో తగ్గిపోయిందట. ఇక అర్థమైపోయింది కదా. అందుకే దూరంగా ఉన్నాను. నువ్వు ఎదిగేకొద్దీ ఇక్కడినుంచే చూసేవాణ్ని. అమ్మో, ఎంత పొడుగు అనుకునేవాణ్ని."

చిన్నది చేతిలో కప్పు కింద పెట్టింది.

"కోరింత దగ్గు మర్నాటికి తగ్గుతుందా మామయ్యా?"

"తగ్గిందనే చెప్పాడు."

"క్రిస్మస్ దాకా దగ్గానట నేను. అమ్మ అనేది. ఆ నెలలన్నీ ఇంట్లో ఎవరికీ నిద్రల్లేవని అనేది."

సీవర్ట్ ఆవిడ మొహం చూశాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. మళ్లీ ఆవిడ వైపు తిరిగాడు.

"మరి తగ్గిందని నాకెందుకు చెప్పాడు?"

"నువ్వు బాధపడతావని చెప్పుంటాడు."

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది. చిన్నది ముక్కాలిపీట తెచ్చి మంచం పక్కన వేసుకుంది. నీ వలలు చిరగడం, నీ పెళ్లి తప్పిపోవడం నావల్లే అనుకున్నాను అని ఆవిడ చెప్పింది. ఆయనకు నవ్వు వచ్చి, నవ్వు దగ్గయింది. నా వలలు నేనే సరిగా అల్లను, అది దీవంతటికీ తెలుసు అన్నాడు. ఆ పిల్ల సంగతంటావా, దాని వంట నేను తిన్నాను, వడ్రంగిని చూసి రోజూ జాలిపడతాను అన్నాడు.

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక ఆవిడ, నాన్నను తలుచుకుని, పాపం మంచి మనసుతోనే చెప్పాడు అంది. మంచి మనసే, అన్నాడు సీవర్ట్. చెడ్డమాట ఒక్కటి చెప్పి ఉంటే, పిల్లకు అలాగే ఉందని ఒక్క ముక్క చెప్పి ఉంటే, నేను పోయినా తేడా ఏమీ లేదని తెలిసి తిరిగి వచ్చేసేవాణ్ని అన్నాడు. ఆవిడ ఆయన దుప్పటి సర్ది, పొయ్యిలో ఇంకో కట్టె పెట్టింది.

సాయంత్రం పడవ దగ్గరికి పోబోతూ, గుమ్మంలో ఆగి, ఆవిడ అడిగేసింది.

"నన్ను ఒక్కసారి పేరు పెట్టి పిలువు మామయ్యా."

ఆయన నోరు తెరిచాడు. ఏదో ఆలోచించుకుని మూసేశాడు.

"పిట్టలు పొదుగుతున్నాయిగా. అరవకూడదు."

"మెల్లగా పిలువు."

"ఇన్నేళ్లు దాచుకున్నది మెల్లగా పిలుస్తారటే ఎవరైనా? అవి పిల్లల్ని తీసుకుని నీళ్లలో దిగిపోనీ. ఈ గట్టు మీద నిలబడి పిలుస్తాను. మీ ఇంట్లో కుండలు మోగాలి."

పిట్టల పేరు చెబితే ఆవిడ కాదనలేదు. అది ఆవిడ పని, ఆవిడ ధర్మం. ఆయన మొహంలో అంత సరదా చూడటం అదే మొదలు. సరే అంది. తరవాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆవిడకు అక్కడే ముల్లు గుచ్చుకునేది. మళ్లీ అడిగి ఉండాల్సింది. గొణిగితే చాలనాల్సింది. ఆయన పేరంటే ఆయనకే ఇంకా కాస్త జంకు ఉందేమో, ఆ సరదా వెనక అది దాక్కుందేమో అని కూడా తరవాతే తోచింది.

అప్పటినుంచి రోజూ పోయేది. చేపల పులుసు పోసేది, కాళ్లకు కట్లు కట్టేది. ఆయన రష్యాలో ముసలమ్మ కబుర్లు చెప్పేవాడు. పేరు పలకలేక ఆ ముసలిది తనను ఏదో కోడిపెట్టను పిలిచినట్టు పిలిచేదనేవాడు. మా ఇంటికి రా మామయ్యా, పొయ్యి పక్కన మంచం వేస్తాను అంటే, పిట్టలు పోయాక వస్తానని దానికీ అదే వాయిదా వేశాడు. ఒకసారి ఆ కల మాట వచ్చింది. ఎవరై ఉంటారంటావ్ మామయ్యా అని అడిగితే, ఐలర్టే అయి ఉంటాడు, వాడి బూటు నిజంగానే కారేది, దారి పొడుగునా దాన్ని తిడుతూనే ఉన్నాడు అన్నాడు. పాపం బెర్న్‌తెయా అని ఇద్దరూ అనుకున్నారు.

ఒక పొద్దున అవతల పొగ లేవలేదు. చిన్నది చేతిలో నాచు గంపతో గట్టు మీద నిలబడి కాసేపు చూసింది. ఇంకాసేపు చూసింది. గంప దించి పడవెక్కింది. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మొహం కడిగి, దుప్పటి కప్పి, చాలాసేపు పక్కన కూర్చుంది. ఆయన్ని ఆవిడే రెండుసార్లు పేరు పెట్టి పిలిచింది, తోక లేకుండా. తిరిగి వచ్చేటప్పుడు గూళ్లలో బాతులు ఇంకా కూర్చునే ఉన్నాయి.

సమాధి చేసిన వారానికి కొట్టు దగ్గర ఆడవాళ్లు చేరారు. హాగ్‌బార్ట్ కోడలికి నెలలు నిండుతున్నాయి. ఏమ్మా, ముసలాయన కలలోకి వచ్చాడా అని ఒకామె అడిగింది. ఆ పిల్ల లేదంటూ సిగ్గుపడింది. ఆయనెందుకు వస్తాడు, ఆయన పేరు ఎప్పుడో వచ్చేసింది, అదిగో పిండి బస్తా మోసుకుపోతోంది అని ఇంకొకామె అంది. అందరితో పాటు చిన్నదీ నవ్వింది. బస్తా పడవలో దించి తెడ్లు పట్టుకున్నాక ఆ మాట తలకెక్కింది. పోయినవాళ్లు పేరుకోసమే వస్తారు. ఆయనకు ఆ పని లేదు. ఇక ఎవరి కలలోకీ, ఆవిడ కలలోకి కూడా, రావలసిన అవసరం ఆయనకు లేదు.

దీవివాళ్లు మంచివాళ్లే. ఇక భయం లేదు గనక, మర్యాదగా ఆవిడను అసలు పేరుతో పిలవడం మొదలుపెట్టారు. ఇంగ్‌వాల్డ్ కూడా భోజనాల దగ్గర ఒకసారి పిలిచి చూసి, ఎవరో పరాయిదాన్ని ఇంట్లోకి రమ్మన్నట్టుందని తనే మానేశాడు. ఆకురాలు కాలంలో ఒకరోజు చిన్నది రేవులో పడవ తాడు చుడుతుంటే హాగ్‌బార్ట్ కొట్టు మెట్ల మీదినుంచి, సీవర్టీనా, సీవర్టీనా అని కేకలు వేశాడు. ఆవిడ తాడు చుడుతూనే ఉంది. ఆయన రొప్పుకుంటూ రేవు చివరిదాకా వచ్చి, మర్చిపోయిన కిరసనాయిలు డబ్బా చేతిలో పెట్టాడు.

"చెవుడా నీకు? ఎంతసేపటినుంచి పిలుస్తున్నాను."

"నన్నా?"

"మరెవర్ని?"

ఆవిడ డబ్బాను పడవ ముందుభాగంలో, ఒలకకుండా, తాడు చుట్టల మధ్య పెట్టింది.

"చిన్నదనే పిలువు హాగ్‌బార్ట్. మిగతావాళ్లకీ చెప్పు" అంది.

ఎందుకని ఆయన అడగబోయాడు. ఆవిడ మొహం చూసి, సరే అన్నాడు. ఆవిడ కూర్చుని తెడ్లు అందుకుంది.